వేలిముద్రల గూళ్ళు: కాజీ అజీజుల్ హక్ జీవితం

మీరు రేషను దుకాణానికి వెళ్ళినప్పుడు అక్కడి యంత్రం మీద వేలు ఆనిస్తారు. కంప్యూటర్‌లో ఏదైనా వెబ్‌సైటు తెరిచినప్పుడు మీ పేరు, రహస్య పదం కొట్టి లోపలికి ప్రవేశిస్తారు. ఈ రెండు చోట్లా మీకు కనబడకుండా ఒక పని జరుగుతుంది. మీరు వచ్చిన తేదీ, సమయం ఎక్కడో ఒక పట్టికలో నమోదవుతాయి. కొన్నాళ్ళ తరువాత ఎవరైనా అధికారికి ఒక సందేహం రావచ్చు. ఈ మనిషి ఇంతకు ముందు ఇక్కడికి ఎన్నిసార్లు వచ్చాడు? ఎప్పుడెప్పుడు వచ్చాడు? లక్షల వరుసలున్న పట్టికలో ఆ ఒక్క మనిషికి చెందిన వరుసలను మాత్రమే ఏరి చూపమని కంప్యూటర్‌ను అడగాలి. అలా అడగడాన్నే క్వెరీ అంటారు.

ఇందుకోసం సమాచారాన్ని సాధారణంగా రెండు పట్టికలుగా రాసి పెడతారు. మొదటి పట్టికలో ఒక్కొక్క మనిషికి ఒక్కటే వరుస, ఒక్కటే సంఖ్య. రెండవ పట్టికలో అతడు వచ్చిన ప్రతిసారీ ఒక కొత్త వరుస చేరుతుంది. ఆ వరుస పక్కన అతడి సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యను పట్టుకొని వెదికితే మనిషి చరిత్ర అంతా తేదీల వారీగా బయటపడుతుంది. కిరాణా కొట్లో అరువు ఖాతా చూసిన వారికి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. ఖాతా పుస్తకంలో మీ పుట సంఖ్య తెలిస్తే చాలు, ఏ నెలలో ఏమేమి తీసుకొన్నారో కొట్టువాడు క్షణంలో చెబుతాడు.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. వచ్చినవాడు ప్రతిసారీ వేరు వేరు పేరు చెబితే ఎలా? ఈసారి రాముడని, మరోసారి భీముడని రాయించుకొంటే వాడి పాత ఖాతా ఎలా దొరుకుతుంది? నూట పాతికేళ్ళకు పైగా క్రితం కలకత్తాలో ఈ ప్రశ్నకు సమాధానం వెదికిన వారిలో ముఖ్యుడు కాజీ అజీజుల్ హక్. ఆయన చేతిలో కంప్యూటర్ లేదు. కాగితపు చీటీలు, చెక్క బీరువా, లెక్కల పరిజ్ఞానం మాత్రమే ఉన్నాయి. ఈ పాఠంలో మీరు ఆయన జీవితాన్ని, ఆయన పద్ధతిని తెలుసుకొంటారు. పాఠం మధ్యలో చిన్న లెక్కలు ఉన్నాయి. పెన్సిలు దగ్గర పెట్టుకొని చదవండి.

ఖుల్నా నుంచి కలకత్తాకు

అజీజుల్ హక్ 1872లో ఖుల్నా ప్రాంతంలోని పైగ్రామ్ కస్బా అనే పల్లెలో పుట్టాడు. నేడు అది బంగ్లాదేశ్‌లో ఉంది. నదులు, కాలువలు నిండిన ప్రాంతం. అక్కడ ఊరి నుంచి ఊరికి పడవ మీదే ప్రయాణం. అలాంటి ఒక పడవ ప్రమాదంలోనే పిల్లవాడి తల్లిదండ్రులు మరణించారు. తరువాత అన్న దగ్గర పెరిగాడు. ఇంట్లో జరుగుబాటు అంతంత మాత్రం. పిల్లవాడికి ఆకలి ఎక్కువ. ఒకనాడు అన్న కోసం ఉంచిన అన్నం తినేశాడని, అన్న ఇంటికి వచ్చి కొట్టాడని, ఆ కోపంతో పన్నెండేళ్ళ వయస్సులో ఇల్లు విడిచి కలకత్తాకు పారిపోయాడని వారి కుటుంబంలో చెప్పుకొంటారు.

ఊరు విడిచి పట్నం చేరిన పిల్లలు చాలామంది ఏమవుతారో మీకు తెలిసే ఉంటుంది. ఈ పిల్లవాడిని ఒక కుటుంబం ఆదరించింది. లెక్కలలో అతడి చురుకుదనం చూసి చదువు చెప్పించింది. చివరకు అతడు కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో గణితం, విజ్ఞాన శాస్త్రాలు చదివే స్థాయికి వచ్చాడు.

ఆ కాలంలో బెంగాల్ పోలీసు శాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా ఎడ్వర్డ్ హెన్రీ అనే ఆంగ్లేయుడు ఉండేవాడు. ఆయనకు లెక్కలు బాగా వచ్చిన ఒక యువకుడు కావలసి వచ్చాడు. కళాశాల ప్రిన్సిపాలును అడిగితే ఆయన అజీజుల్ హక్ పేరు చెప్పాడు. అలా 1892లో హక్ సబ్ ఇన్‌స్పెక్టర్‌గా ఉద్యోగంలో చేరాడు. అతడి పని దొంగలను తరమడం కాదు, వారి కాగితాలను వరుసలో పెట్టడం.

పోలీసులకు లెక్కలతో ఏం పని అని మీకు అనిపించవచ్చు. దానికి జవాబు అప్పటి శిక్షాస్మృతిలో ఉంది. కొన్ని నేరాలకు ఒకసారి శిక్ష పడినవాడు మళ్ళీ అలాంటి నేరం చేస్తే, భారత శిక్షాస్మృతి 75వ సెక్షను ప్రకారం రెండోసారి శిక్ష ఎక్కువ. కాబట్టి పాత నేరస్థుడు పట్టుబడగానే పేరు, ఊరు, తండ్రి పేరు మార్చి చెప్పేవాడు. ఒక జిల్లా జైలు నుంచి విడుదలైనవాడు మరో జిల్లాలో కొత్త మనిషిగా నిలబడేవాడు. ఫొటోలు తీసినా వేలకొద్దీ ఫొటోలలో ఒక ముఖాన్ని ఎలా వెదుకుతారు? ఇంకో వైపు, పోలికలున్న అమాయకుడు పాత నేరస్థుడుగా పొరపాటున శిక్ష పొందే ప్రమాదమూ ఉండేది.

హెన్రీ ముందుగా ఫ్రాన్సు దేశపు బెర్తియోఁ పద్ధతిని ప్రవేశపెట్టాడు. తల పొడవు, చేయి పొడవు, పాదం పొడవు మొదలైన కొలతలు తీసి కార్డు మీద రాసేవారు. ఆ కొలతల ప్రకారం కార్డులను అరలలో సర్దేవారు. కాగితం మీద చూస్తే మంచి పద్ధతే. ఆచరణలో ఒక ఉద్యోగి కొలిచిన దానికి మరో ఉద్యోగి కొలిచిన దానికి తేడా వచ్చేది. ఒక్క మనిషిని కొలవడానికే చాలాసేపు పట్టేది. అర తప్పితే కార్డు ఇక దొరకదు.

వేలిముద్రలు అప్పటికి కొత్త కాదు. 1858లో జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి, రోడ్డు పనికి కంకర సరఫరా చేసే రాజ్యధర్ కొనాయి అనే గుత్తేదారుతో ఒప్పంద పత్రం మీద అరచేతి ముద్ర వేయించాడు. తరువాత హుగ్లీలో 1877 నాటికి పింఛనుదారుల చేత, దస్తావేజులు రాసుకొనేవారి చేత వేలిముద్రలు వేయించాడు. మన పల్లెల్లో నిశానీ వేయడం అనే మాట మీరు వినే ఉంటారు. 1892లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ వేలిముద్రల మీద ఒక పుస్తకం ప్రకటించాడు. ఆ గీతలు జీవితాంతం మారవని, ఇద్దరికి ఒకే విధంగా ఉండవని అందులో నిరూపించడానికి ప్రయత్నించాడు.

ఇక్కడ మీరు ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. ఇద్దరి ముద్రలు పక్కపక్కన పెడితే ఒకటేనా కాదా అని చెప్పడం ఒక పని. ఒక ముద్రను చేతిలో పట్టుకొని, దాని జతను వేలాది ముద్రల రాశిలో నుంచి బయటికి తీయడం వేరే పని. మొదటి పనికి భూతద్దం చాలు. రెండవదానికి వరుసక్రమం కావాలి. గాల్టన్ పద్ధతి చిన్న సేకరణకు సరిపోయింది కాని పెద్ద రాశికి పనికి రాలేదు. అక్కడ ఆగిపోయిన పనిని కలకత్తాలో హక్, అతడి సహోద్యోగి హేమచంద్ర బోస్ అందుకొన్నారు.

1024 గూళ్ళు

చిన్నప్పుడు మీరు వేళ్ళ కొనలు చూసుకొని ఎన్ని శంఖాలు, ఎన్ని చక్రాలు ఉన్నాయో లెక్క పెట్టుకొని ఉంటారు. చక్రాలు ఎక్కువ ఉంటే అదృష్టమని పెద్దలు అంటారు. ఆ అదృష్టం సంగతి పక్కన పెడదాం. గీతలు గుండ్రంగా చుట్టుకొని ఉంటే దాన్ని చక్రం అనుకొందాం. ఒక వైపు నుంచి వచ్చి మెలిక తిరిగి మళ్ళీ అదే వైపుకు పోతే శంఖం. తోరణంలా ఒక వైపు నుంచి మరో వైపుకు సాగిపోతే తోరణం. పోలీసు శాఖలో వీటిని వోర్ల్, లూప్, ఆర్చ్ అంటారు. నూటికి సుమారు అరవై అయిదు ముద్రలు శంఖాలే. ముప్పై దాకా చక్రాలు. తోరణాలు అయిదారుకు మించవు.

కలకత్తా పద్ధతిలో మొదటి మెట్టు చాలా సులభం. ఒక్కొక్క వేలిని చూసి ఒకే ప్రశ్న అడగాలి. ఇది చక్రమా, కాదా? అంతే. ప్రతి వేలికీ రెండే జవాబులు. పది వేళ్ళు ఉన్నాయి కాబట్టి రెండును పదిసార్లు హెచ్చవేయాలి. వచ్చేది 1024. అంటే ప్రపంచంలోని మనుషులందరినీ మొదటి చూపులోనే 1024 తరగతులుగా విడగొట్టవచ్చు. కంప్యూటర్ చదువుకొన్నవారు ఈ సంఖ్యను వెంటనే గుర్తు పడతారు. ఉంది, లేదు అనే రెండు జవాబులతోనే కంప్యూటర్ లెక్కలన్నీ నడుస్తాయి.

అయితే పది జవాబులను ఒక గుమాస్తా ఎలా గుర్తు పెట్టుకొంటాడు? వాటిని రెండు చిన్న సంఖ్యలుగా కుదించడమే ఈ పద్ధతిలోని అసలు నేర్పు. వేళ్ళకు వరుస సంఖ్యలు ఇచ్చారు. కుడి బొటనవేలు 1, చూపుడువేలు 2, నడిమివేలు 3, ఉంగరపువేలు 4, చిటికెనవేలు 5. ఎడమ బొటనవేలు 6 నుంచి ఎడమ చిటికెనవేలు 10 వరకు. వీటిని జంటలుగా చేశారు. మొదటి జంటలో (1, 2) చక్రం ఉంటే దాని విలువ 16. రెండవ జంటలో (3, 4) 8. మూడవ జంటలో (5, 6) 4. నాలుగవ జంటలో (7, 8) 2. చివరి జంటలో (9, 10) 1. చక్రం కాకపోతే విలువ సున్న.

సరి సంఖ్య గల వేళ్ళ విలువలు కూడి, దానికి ఒకటి కలిపి పైన రాయాలి. బేసి సంఖ్య గల వేళ్ళ విలువలు కూడి, దానికీ ఒకటి కలిపి కింద రాయాలి. భిన్నంలా కనిపిస్తుంది కాని భాగించకూడదు. అది గూటి చిరునామా. ఒక అంకె అడ్డ వరుసను, రెండోది నిలువు వరుసను చూపుతుంది. అడ్డంగా 32, నిలువుగా 32 గూళ్ళు ఉన్న బీరువాలో ఆ రెండు వరుసలు కలిసేచోట చీటీ పెట్టాలి. ఒకటి ఎందుకు కలపాలని మీరు అడగవచ్చు. చక్రాలు అసలే లేనివాడికి పైనా కిందా సున్న వస్తుంది. సున్నవ వరుస అనే గూడు బీరువాలో ఉండదు గదా!

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక మనిషికి కుడి బొటనవేలిలో, కుడి ఉంగరపువేలిలో, ఎడమ నడిమివేలిలో చక్రాలు ఉన్నాయి. కుడి బొటనవేలు 1వది, బేసి, విలువ 16. కుడి ఉంగరపువేలు 4వది, సరి, విలువ 8. ఎడమ నడిమివేలు 8వది, సరి, విలువ 2. సరి వేళ్ళ మొత్తం 10, ఒకటి కలిపితే 11. బేసి వేళ్ళ మొత్తం 16, ఒకటి కలిపితే 17. కాబట్టి అతడి గూడు 11/17. అతడు ఏ పేరు చెప్పినా, ఏ ఊరు చెప్పినా, గడ్డం పెంచినా గొరిగించినా చీటీ పోయి ఆ గూటిలోనే పడుతుంది.

ఇప్పుడు మీరు కింది వాటిని చేయండి.
(అ) కుడి చూపుడువేలు, కుడి ఉంగరపువేలు, ఎడమ బొటనవేలు చక్రాలు. గూడు ఏది?
(ఆ) రెండు బొటనవేళ్ళు మాత్రమే చక్రాలు. గూడు ఏది?
(ఇ) పది వేళ్ళూ చక్రాలే. గూడు ఏది?
తరువాత మీ సొంత వేళ్ళు చూసుకొని మీ గూటి సంఖ్య కనుక్కోండి.

గూళ్ళన్నీ సమానంగా నిండవు. చక్రాలు లేనివారు చాలామంది కాబట్టి 1/1 గూడు కిక్కిరిసి ఉంటుంది. కొన్ని గూళ్ళు దాదాపు ఖాళీ. అందుకే నిండిన గూళ్ళను మళ్ళీ విడగొట్టారు. శంఖం చిటికెనవేలి వైపుకు తిరిగిందా, బొటనవేలి వైపుకు తిరిగిందా అని చూశారు. శంఖం నడిబొడ్డు నుంచి అంచు వరకు ఎన్ని గీతలు అడ్డం వస్తాయో లెక్క పెట్టారు. చక్రంలో గీతలు ఎటు పోతాయో వెంబడించి చూశారు. ఇలా తరగతి లోపల తరగతి చేస్తూ పోతే చివరకు గుమాస్తా ముందు కొద్ది చీటీలు మాత్రమే మిగులుతాయి. అప్పుడు భూతద్దం తీస్తే చాలు.

చీటీ దొరికిన తరువాత దాని మీద ఏముంటుంది? ఆ మనిషి మునుపు ఏ పేరుతో, ఎప్పుడు, ఏ నేరానికి శిక్ష పొందాడో ఉంటుంది. మూడుసార్లు మూడు పేర్లతో పట్టుబడినా ముద్ర ఒకటే కాబట్టి మూడు శిక్షలూ ఒకే చోట చేరతాయి. పాఠం మొదట్లో మనం చెప్పుకొన్న రెండు పట్టికలను గుర్తు చేసుకోండి. మనిషికి ఒక సంఖ్య, ఆ సంఖ్య కింద అతడి రాకపోకలు. హక్ కాలంలో ఆ సంఖ్యను మనిషి వేళ్ళ మీద నుంచే చదివారు. అందువల్ల దానిని మార్చుకోవడం వాడి తరం కాలేదు.

1897లో భారత ప్రభుత్వం ఈ పద్ధతిని పరీక్షించడానికి సర్వేయర్ జనరల్ స్ట్రాహన్, రసాయన శాస్త్రవేత్త పెడ్లర్‌లతో ఒక సంఘాన్ని వేసింది. వారు కొలతల పద్ధతి కంటే ఇదే మేలని నివేదించారు. ఆ సంవత్సరం జూన్ 12న ప్రభుత్వ ఆమోదం లభించింది. కలకత్తా రైటర్స్ బిల్డింగ్‌లో వేలిముద్రల బ్యూరో ఏర్పడింది. ప్రపంచంలో ఇదే మొదటిదని మన పుస్తకాలలో రాస్తూ ఉంటారు. అర్జెంటీనాలో హువాన్ వుసెటిచ్ 1890ల మొదట్లోనే తన సొంత పద్ధతితో పని మొదలుపెట్టాడు కాబట్టి ఆ మాట అనేటప్పుడు కొంచెం జాగ్రత్త అవసరం.

జల్పాయిగురి పంచాంగం

బ్యూరో ఏర్పడిన కొద్దికాలానికే దానికి పరీక్ష ఎదురైంది. ఉత్తర బెంగాల్‌లోని జల్పాయిగురి జిల్లాలో ఒక తేయాకు తోట మేనేజరు గొంతు కోయబడి పడక గదిలో చనిపోయి ఉన్నాడు. పెట్టె తెరిచి ఉంది, డబ్బు పోయింది. అనుమానాలు నాలుగు వైపులకూ పోయాయి. తోటలో మేనేజరు మీద కోపం ఉన్న కూలీలు ఉన్నారు. వంటవాడి బట్టల మీద నెత్తురు మరకలు కనిపించాయి. అవి పావురాన్ని కోసినప్పటివని అతడు చెప్పుకొన్నాడు. మేనేజరుకు సంబంధం ఉన్న ఒక స్త్రీ బంధువులను అనుమానించారు. ఆ దాపుల్లో విడిది చేసిన కాబూలీవాలాల ముఠానూ అనుమానించారు. ఆ నాటి తీరును బట్టి చూస్తే వీరిలో ఎవరో ఒకరు ఉరికంబం ఎక్కినా ఆశ్చర్యం ఉండేది కాదు.

పెట్టెలోని కాగితాల మధ్య ఒక బెంగాలీ పంచాంగం దొరికింది. దాని అట్ట మీద గోధుమ రంగు మరకలు రెండు ఉన్నాయి. భూతద్దంతో చూస్తే ఒకదానిలో వేలి గీతలు కనిపించాయి. మేనేజరు దగ్గర పూర్వం నౌకరుగా ఉండి, దొంగతనం చేసి, మేనేజరు ఫిర్యాదు మీదనే జైలుకు పోయిన కంగాళీ చరణ్ అనేవాడు ఒకడు ఉన్నాడు. జైలుకు పోయినందువల్ల వాడి ముద్రలు కలకత్తాలోని గూళ్ళలో ఉన్నాయి. పంచాంగం మీది గుర్తు వాడి కుడి బొటనవేలి ముద్రతో సరిపోయింది. వాడిని దూరంగా బీర్భూమ్ జిల్లాలో పట్టుకొన్నారు. ఆ మరక నెత్తురేనని రసాయన పరీక్షలో తేలింది.

1898లో న్యాయస్థానం ఇచ్చిన తీర్పు మీరు ఊహించినట్లు ఉండకపోవచ్చు. కంగాళీ చరణ్‌కు దొంగతనం నేరానికి శిక్ష పడింది. హత్యానేరం మాత్రం రుజువు కాలేదని విడిచిపెట్టారు. పంచాంగాన్ని వాడు తాకాడని ముద్ర చెప్పింది. గొంతు కోసింది వాడేనని ముద్ర చెప్పలేదు. కొత్త సాక్ష్యానికి మోజు పడకుండా అది ఎంతవరకు చెబుతుందో అంతవరకే తీసుకొన్న ఆ న్యాయమూర్తి వివేకం మెచ్చుకోదగింది. కంప్యూటర్ పట్టిక విషయంలోనూ ఇదే సంగతి. ఫలానా రోజున మీ పేరుతో ప్రవేశం జరిగిందని అది చెప్పగలదు. లోపలికి వెళ్ళి మీరేం తలపెట్టారో చెప్పలేదు. మీ రహస్య పదం మరొకరు వాడినా దానికి తెలియదు.

మరుసటి ఏడు, 1899లో, సాక్ష్య చట్టాన్ని సవరించి వేలిముద్రల నిపుణుల అభిప్రాయానికి న్యాయస్థానాలలో చోటు కల్పించారు. 1901లో లండన్‌లోని స్కాట్లండ్ యార్డ్‌లో వేలిముద్రల శాఖ మొదలైంది. దానికి కలకత్తా పద్ధతే ఆధారం. అక్కడి నుంచి అది చాలా దేశాలకు పాకింది.

ఈ పద్ధతికి ఒక చీకటి వైపు కూడా ఉంది. కొన్ని కులాలను, తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్ర వేసే చట్టం 1871లోనే వచ్చింది. 1911లో దానిని మార్చి మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తింపజేశారు. నమోదైనవారి వేలిముద్రలు తీసుకొనే అధికారం ఆ చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం వంటి సెటిల్మెంట్లు ఆ చట్టం నీడలో పుట్టినవే. అక్కడి ఎరుకల కుటుంబాలలో ఏ నేరమూ చేయనివాడు కూడా ఊరు దాటాలంటే అధికారుల అనుమతి తీసుకోవలసి వచ్చేది. దొంగ పేర్లను పట్టుకోవడానికి పుట్టిన చిట్టా, దొంగతనం చేయనివారి రాకపోకలకు కూడా కాపలా కాసింది. ఆ చట్టం 1952లో గాని రద్దు కాలేదు.

పేరు ఎవరిది?

ఈ పద్ధతికి ప్రపంచమంతటా హెన్రీ పద్ధతి అనే పేరు వచ్చింది. 1900లో హెన్రీ దీని మీద ఒక పుస్తకం ప్రకటించాడు. అందులో హక్, బోస్‌ల కృషికి తగిన గుర్తింపు లేదు. హెన్రీ 1903లో లండన్ పోలీసు కమిషనర్ అయ్యాడు. సర్ బిరుదు, తరువాత బారొనెట్ హోదా పొందాడు. హక్ మన దేశంలో పోలీసు ఉద్యోగంలోనే కొనసాగాడు. 1912లో బెంగాల్ నుంచి బీహార్ విడిపోయిన తరువాత ఆయన సేవ బీహార్ పోలీసు శాఖలో సాగింది.

హెన్రీని ఇక్కడ పూర్తిగా దోషిగా నిలబెట్టడం కూడా సరికాదు. కొలతల పద్ధతిలోని లోపం గుర్తించినవాడు, ఖర్చుకు, వ్యతిరేకతకు జంకకుండా కొత్త పద్ధతిని ప్రభుత్వం చేత ఒప్పించినవాడు ఆయనే. లెక్కలు తెలిసిన యువకుణ్ణి వెదికి తెచ్చినవాడూ ఆయనే. కాని చేసినవారి పేర్లు పుస్తకం మొదటి పుటలలో రాయడానికి రెండు పంక్తులకు మించి పట్టదు. సబ్ ఇన్‌స్పెక్టర్లు పని చేస్తే పై అధికారికి పేరు రావడం ఆ కాలపు కార్యాలయాలలో మామూలు. నేటి కార్యాలయాల సంగతి మీకే తెలుసు.

హక్ మౌనంగా ఊరుకోలేదు. తన కృషికి గుర్తింపు కావాలని ప్రభుత్వాన్ని కోరాడు. 1913లో ఖాన్ సాహెబ్, 1924లో ఖాన్ బహదూర్ బిరుదులు లభించాయి. 5,000 రూపాయల పారితోషికం కూడా ఇచ్చారు. ఆ సందర్భంలో విచారణ జరిగినప్పుడు, అప్పటికి పదవీ విరమణ చేసి ఉన్న హెన్రీ 1926లో లండన్‌లోని ఇండియా ఆఫీసుకు ఒక లేఖ రాశాడు. వర్గీకరణ పద్ధతిని పక్వానికి తీసుకురావడంలో తన సిబ్బంది అందరిలో హక్ చేసిన కృషే ఎక్కువ అని అందులో ఒప్పుకొన్నాడు. పుస్తకం అచ్చయిన 26 ఏళ్ళ తరువాత వచ్చిన మాట అది. పైగా అది ప్రభుత్వ ఫైలులోనే ఉండిపోయింది.

హేమచంద్ర బోస్‌కు రాయ్ బహదూర్ బిరుదు, పారితోషికం లభించాయి. ఆయన చేసిన పనిని కూడా మీరు తెలుసుకోవాలి. పది వేళ్ళ పద్ధతిలో ఒక లోటు ఉంది. నేరం జరిగినచోట సాధారణంగా ఒకటి రెండు ముద్రలే దొరుకుతాయి. పది వేళ్ళ విలువలు తెలియకుండా గూడు తెలియదు. అనుమానితుడు ఎవరో ముందే తెలిస్తేనే పోల్చవచ్చు. జల్పాయిగురి పంచాంగం కథలో పోలీసులకు కలిసివచ్చింది అదే. ఒక్క ముద్రతోనే వెదికే వర్గీకరణను బోస్ ప్రయత్నించాడు. వేలిముద్రను అక్షరాలు, అంకెలుగా మార్చి తంతి ద్వారా మరో ఊరికి పంపే సంకేత పద్ధతిని కూడా తయారు చేశాడు. ముద్ర ఉన్న కాగితం టపాలో చేరే లోపల దాని వివరం తంతి మీద చేరిపోతుంది. కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు సమాచారం పంపే ఈ కాలంలో ఆ ఆలోచన విలువ మనకు ఇంకా బాగా అర్థమవుతుంది. బోస్ 1949లో మరణించాడు.

హక్ ఉద్యోగ విరమణ తరువాత బీహార్‌లోని చంపారణ్ ప్రాంతంలో మోతీహారీలో స్థిరపడ్డాడు. 1935లో అక్కడే కన్నుమూశాడు, అక్కడే ఖననం చేశారు. పుట్టిన ఊరు నేడు ఒక దేశంలో, సమాధి మరో దేశంలో ఉన్నాయి. అందువల్లనే కాబోలు ఆయనను తమవాడని గట్టిగా చెప్పుకొనేవారు చాలాకాలం ఎక్కడా లేకపోయారు. 2005లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు పరిశోధకులు కరెంట్ సైన్స్ పత్రికలో హక్, బోస్‌ల గురించి ఒక వ్యాసం ప్రకటించారు. వేలిముద్రల చరిత్రలో ఈ ఇద్దరి చోటు ఏమిటో పాత పత్రాల ఆధారంగా వివరించారు. బ్రిటన్‌లోని ఫింగర్‌ప్రింట్ సొసైటీ ఈ ఇద్దరి పేరు మీద ఒక బహుమతిని నెలకొల్పింది.

మన దేశంలో కేంద్ర వేలిముద్రల బ్యూరో 1955లో కలకత్తాలోనే మొదలై, తరువాత ఢిల్లీకి మారింది. 1992లో అక్కడికి కంప్యూటర్ వచ్చింది. 2022లో నాఫిస్ అనే జాతీయ వ్యవస్థ ప్రారంభమైంది. ఇందులో ముద్ర నమోదైన ప్రతి మనిషికి పది అంకెల సంఖ్య ఒకటి ఇస్తారు. వేరు వేరు రాష్ట్రాలలో నమోదైన కేసులు ఆ సంఖ్య కిందికి చేరతాయి. యంత్రం చక్రాలకు విలువలు కట్టదు. గీత ఎక్కడ ఆగిందో, ఎక్కడ రెండుగా చీలిందో గుర్తించి ఆ బిందువులను పోల్చి చూస్తుంది. 1024 గూళ్ళ బీరువాతో దానికి పని లేదు. మనిషిని ముద్రతో కనుక్కొని, ఆ సంఖ్య కింద అతడి పాత సంగతులన్నీ తీయడం మాత్రం అలాగే ఉంది.

హక్ కాలంలో గూళ్ళు తెరిచే అధికారం పోలీసులకు మాత్రమే ఉండేది. చీటీలో ఏం రాశారో చీటీ గలవాడికి తెలిసేది కాదు. నేడు కొన్ని పట్టికలను మనమే అడిగి చూసుకొనే వీలు ఉంది. ఆధార్ సంస్థ వెబ్‌సైటులో మీ ప్రామాణీకరణ చరిత్ర కోరితే, మీ సంఖ్యను ఏ తేదీన, ఏ సమయంలో, వేలిముద్రతోనా ఫోనుకు వచ్చే సంకేతంతోనా సరిచూశారో వరుసగా కనిపిస్తుంది. మీరు రేషను దుకాణానికి వెళ్ళని రోజున కూడా అందులో మీ వేలు పడినట్లు ఉంటే, అడగవలసిన ప్రశ్న మీ దగ్గర ఉన్నట్లే. ఇంట్లో ఫోను ఉన్నవారి సహాయంతో ఒకసారి ఈ చరిత్ర తీసి చూడండి. అందులోని తేదీలు మీకు గుర్తున్న తేదీలతో సరిపోతున్నాయో లేదో మీ నోటు పుస్తకంలో రాసుకోండి.

లెక్కలకు జవాబులు
(అ) సరి వేళ్ళు 16, 8, 4, మొత్తం 28, ఒకటి కలిపితే 29. బేసి వేళ్ళలో చక్రం లేదు కాబట్టి 1. గూడు 29/1.
(ఆ) ఎడమ బొటనవేలు 6వది, విలువ 4, ఒకటి కలిపితే 5. కుడి బొటనవేలు 1వది, విలువ 16, ఒకటి కలిపితే 17. గూడు 5/17.
(ఇ) పైన 31కి ఒకటి, కింద 31కి ఒకటి. గూడు 32/32, బీరువాలో చిట్టచివరిది.